ట్రైబైక్ కొనాలా? ఉన్న రోడ్ బైక్ సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్లుగా రోడ్ బైక్, అంటే కిందికి వంగిన హ్యాండిల్ ఉండే రేసింగ్ సైకిల్, తొక్కుతున్నాను. వారాంతాల్లో గ్రూపుతో కలిసి 60, 80 కిలోమీటర్లు వెళ్తుంటాను. పరుగు నాకు ముందు నుంచీ అలవాటే, ఈత ఈమధ్యే నేర్చుకున్నాను. వచ్చే ఏడాది ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ ఒకటి, ఒలింపిక్ డిస్టెన్స్‌లో, అది బాగా జరిగితే ఆ తర్వాత హాఫ్ డిస్టెన్స్ చేయాలని ఉంది. ఒక మిత్రుడు ట్రయాథ్లాన్ కోసమే చేసిన సైకిల్, అదే ట్రైబైక్, లేకుండా దిగడం దండగ అంటున్నాడు. ఇంకొకడేమో హ్యాండిల్‌కి రెండు రాడ్లు బిగిస్తే ఏ సైకిలైనా ట్రైబైకే అంటున్నాడు. అసలు తేడా ఎక్కడుంది? ట్రైబైక్ కొనుక్కుని రోడ్ బైక్ అమ్మేస్తే అన్నిటికీ ఒక్కటే సరిపోతుందా? అప్పుడప్పుడు నాకు నడుము పట్టేస్తుంటుంది, అది కూడా గుర్తుంచుకుని చెప్పండి.

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పేస్తాను. రోడ్ బైక్ అమ్మకండి. రేపు ట్రైబైక్ కొన్నా సరే, అమ్మకండి. కారణం కింద చెప్పే విషయాల్లోనే తెలుస్తుంది.

మీ మిత్రులిద్దరూ హ్యాండిల్ దగ్గరే ఆగిపోయారు. చూడగానే కంటపడేది అదే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ తేడా మొదలయ్యేది సీటు దగ్గర. పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి సీటు దాకా పైకి వెళ్లే గొట్టాన్ని సీట్ ట్యూబ్ అంటారు. రోడ్ బైక్‌లో అది నేలతో సుమారు 72 నుంచి 74 డిగ్రీల కోణంలో ఉంటుంది. ట్రైబైక్‌లో 76 నుంచి 80 దాకా వెళ్తుంది. అంటే గొట్టం ఇంకాస్త నిటారుగా నిలబడి, సీటు ముందుకు జరిగి దాదాపు పెడల్స్‌కి పైన కూర్చుంటుంది. నాలుగైదు డిగ్రీలే కదా అనిపిస్తుంది. సీటు ఎత్తు దగ్గరికి వచ్చేసరికి అది ఐదారు సెంటీమీటర్ల తేడా అవుతుంది. సైకిల్ మీద కూర్చునే వాడికి ఐదు సెంటీమీటర్లంటే చిన్న విషయం కాదు.

ముందుకు జరపడం ఎందుకు? రోడ్ బైక్ మీద కూర్చున్న మనిషిని పక్క నుంచి చూస్తున్నారనుకోండి. ఆ భంగిమను ఏమాత్రం చెదరనివ్వకుండా, మనిషి మొత్తాన్ని పెడల్స్ ఇరుసు చుట్టూ గడియారం ముల్లులా కొంచెం ముందుకు తిప్పండి. వీపు దాదాపు నేలకు సమాంతరంగా వస్తుంది. కానీ తొడకూ నడుముకూ మధ్య ఉన్న కోణం మారదు. ట్రైబైక్ సారమంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది. గాలికి తక్కువ అడ్డు పడేలా కిందికి వంగాలి, అయినా తుంటి దగ్గర కోణం మూసుకుపోకూడదు. ఆ కోణం మూసుకుపోతే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ తొడ పొట్టకు తగులుతుంది, ఊపిరి సరిగ్గా ఆడదు, కాలిలో బలం తగ్గుతుంది, నడుము వంపు తిరిగి లాగేస్తుంది. రోడ్ బైక్ సీటును ఉన్నచోటే ఉంచి, హ్యాండిల్‌కి రాడ్లు బిగించి వాటి మీద వాలిపోతే జరిగేది సరిగ్గా ఇదే. కాబట్టి రెండో మిత్రుడి మాట సగం వరకే నిజం.

మరి అంత మంచిదైతే రోడ్ బైక్‌లో కూడా సీటు ముందుకే పెట్టొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. రోడ్ బైక్ చేయాల్సిన పనులు వేరు. ఎత్తు ఎక్కాలి, మలుపులు తిరగాలి, పది మంది మధ్యలో అంగుళాల దూరంలో నడవాలి, అవసరమైతే లేచి నిలబడి ఒక్కసారిగా వేగం అందుకోవాలి. వీటన్నిటికీ మనిషి బరువు రెండు చక్రాల మధ్య చక్కగా పంచుకుని ఉండాలి, చేతులు ఎప్పుడూ బ్రేకుల దగ్గర ఉండాలి. సీటు ముందుకు జరిగిన కొద్దీ బరువు ముందు చక్రం మీద, చేతుల మీద పడుతుంది. మోచేతుల కింద మెత్తలు పెట్టి ఆ బరువును ఎముకల మీద ఆనిస్తేనే గంటల తరబడి భరించగలం. అందుకే ట్రైబైక్‌లో సీటు, మెత్తలు, ముందుకు చాచిన రాడ్లు ఒక సెట్టు. ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని వదిలేస్తే ఇబ్బందే.

ఆ రాడ్లను ఏరోబార్లు అంటారు. వీటి కథ కొంచెం చెప్పాలనిపిస్తోంది. బూన్ లెనన్ అనే స్కీయింగ్ కోచ్, కొండ మీంచి దూసుకొచ్చే స్కీ క్రీడాకారుల భంగిమను సైకిల్ మీదకి తేవాలని 1980ల్లో వీటిని రూపొందించాడు. స్కాట్ కంపెనీ తయారుచేసింది. ముందుగా అందిపుచ్చుకున్నది ట్రయాథ్లాన్ వాళ్లే. సంప్రదాయ సైకిల్ రేసుల వాళ్లకు అప్పట్లో అవి వింతగా కనిపించాయి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే విడిగా తొక్కి సమయం మీద పోటీపడే రేసు. గ్రెగ్ లెమాండ్ అప్పటికి 50 సెకన్లు వెనుక ఉన్నాడు. ఏరోబార్లు పెట్టుకుని దిగి, మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఓడిన లారెంట్ ఫిన్యోన్ ఏరోబార్లు లేని హ్యాండిల్‌తో, తల మీద ఏమీ లేకుండా, పోనీటెయిల్ గాలికి ఎగురుతుండగా తొక్కాడు. ఆ తర్వాత వింతగా చూసేవాళ్లు లేరు. దాదాపు అదే సమయంలో డాన్ ఎంప్‌ఫీల్డ్ స్థాపించిన క్వింటానా రూ కంపెనీ, ఏరోబార్లకు తగ్గట్టు సీటును ముందుకు జరిపి ప్రత్యేకంగా ట్రయాథ్లాన్ కోసమే ఫ్రేమ్ చేసింది. ముందు రాడ్లు వచ్చాయి, ఆ రాడ్ల మీద సుఖంగా వాలడానికి సైకిల్ తర్వాత వచ్చిందన్నమాట.

ఇక ఇదంతా ఎంత సమయం మిగిలిస్తుంది? చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లు దాటి వెళ్తున్నప్పుడు మీ శ్రమలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ఆ గాలికి అడ్డుపడేది ప్రధానంగా సైకిల్ కాదు, మీరు. వేగం రెట్టింపు కావాలంటే గాలిని తోయడానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. అందువల్ల ఇంకొంచెం గట్టిగా తొక్కడం కంటే ఇంకొంచెం చిన్నగా ముడుచుకోవడం లాభసాటి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, గాలి లేని చదును రోడ్డు, నిలకడగా 200 వాట్లు అనుకుని లెక్క వేసి చూశాను. రోడ్ బైక్ మీద కింది హ్యాండిల్ పట్టుకుని వంగి తొక్కితే ఒలింపిక్ డిస్టెన్స్‌లోని 40 కిలోమీటర్లకు సుమారు 70 నిమిషాలు. అదే బైక్‌కి ఏరోబార్లు బిగించి, సీటు సర్దుకుని తొక్కితే 68. చక్కగా అమరిన ట్రైబైక్ మీద 67కి కాస్త తక్కువ. హాఫ్ డిస్టెన్స్‌లోని 90 కిలోమీటర్లయితే ఇవే వరుసగా 2 గంటల 38, 2 గంటల 34, 2 గంటల 30 నిమిషాలు. ఇవి ఉజ్జాయింపు అంకెలే, మనిషిని బట్టి, రోడ్డును బట్టి మారతాయి. కానీ వరస గమనించండి. ఒలింపిక్ డిస్టెన్స్‌లో రావాల్సిన లాభంలో సగానికి పైగా, ఉన్న హ్యాండిల్ మీదే బిగించే మామూలు క్లిప్-ఆన్ ఏరోబార్లే తెచ్చిపెడుతున్నాయి. ట్రైబైక్ దానిమీద ఇచ్చే అదనం రెండు నిమిషాల లోపే. హాఫ్‌లో అది నాలుగు నిమిషాల దాకా వెళ్తోంది. 180 కిలోమీటర్ల ఫుల్ డిస్టెన్స్ అయితే ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ భంగిమలో మొత్తం దూరం ఉండగలిగితేనే ఈ అంకెలు. పదేసి నిమిషాలకు ఒకసారి మెడ నొప్పితోనో నడుము నొప్పితోనో లేచి కూర్చుంటే, ఎంత గొప్ప ట్రైబైక్ అయినా రోడ్ బైక్ కంటే ఒక్క నిమిషం కూడా మిగల్చదు. పైగా ట్రైబైక్ మీద లేచి కూర్చుంటే చేతులు పెట్టుకునే బేస్ బార్ చాలా కిందికి, చదునుగా ఉంటుంది. రోడ్ బైక్ మీద ఉన్నంత హాయి అక్కడ దొరకదు.

పరుగు సంగతికి వస్తాను, మీకు అది ముఖ్యం కాబట్టి. ట్రైబైక్ తొడ వెనక కండరాలను కాపాడి, వాటిని పరుగు కోసం దాచిపెడుతుందని తరచూ వింటారు. అమ్మేవాళ్లు దీన్ని గట్టిగానే చెబుతారు. సీటు ముందుకు జరిగితే కండరాల మీద భారం కొంత అటూ ఇటూ అయ్యే మాట నిజమే కానీ, ఏ కండరమూ సెలవు తీసుకోదు, అధ్యయనాలు కూడా ఒక్క మాట మీద లేవు. నా దృష్టిలో నమ్మదగిన కారణం ఇంకా మామూలుది. తుంటి కోణం తెరుచుకుని ఉన్న భంగిమలో రెండున్నర గంటలు తొక్కిన మనిషి, ముడుచుకుని తొక్కిన మనిషి కంటే సులువుగా నిటారుగా లేచి పరుగెత్తగలడు. దిగగానే నడుము పట్టేసి మొదటి రెండు కిలోమీటర్లు కుంటుకుంటూ వెళ్లేవాళ్లను ట్రయాథ్లాన్‌లో ఎన్నిసార్లైనా చూడొచ్చు. దానికి తప్పు సైకిల్ రకానిది కాదు, చాలాసార్లు సీటు, హ్యాండిల్ అమరికది.

అమ్మొద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెప్పాలి. ట్రైబైక్‌లో గేర్లు మార్చే మీటలు ఏరోబార్ల చివర్లో ఉంటాయి, బ్రేకులు మాత్రం పక్కకు చాచిన బేస్ బార్ మీద ఉంటాయి. వాలి తొక్కుతున్నప్పుడు బ్రేకు వేయాలంటే ముందు చేతులు అక్కడి నుంచి తీసి ఇక్కడికి తేవాలి. ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద అది పెద్ద సమస్య కాదు. గ్రూపు మధ్యలో అయితే ముందున్నవాడు గుంత చూసి ఆగేసరికి మీరు అతని వెనక చక్రం మీద ఉంటారు. చేతులు రెండూ దగ్గరగా మధ్యలో ఉండటం వల్ల హ్యాండిల్ మీద పట్టు కూడా తగ్గుతుంది, చిన్న కుదుపుకే సైకిల్ పక్కకు పోతుంది. కాబట్టి గుంపులో ఉన్నంతసేపూ ఏరోబార్లను ముట్టుకోకూడదు. ఇది మర్యాద కాదు, భద్రత. చాలా గ్రూపులు ట్రైబైక్‌ను వెనక వరసకే పరిమితం చేస్తాయి, కొన్ని రానివ్వవు కూడా. మీ వారాంతపు రైడ్లు వదులుకోవాలని లేకపోతే రోడ్ బైక్ ఉండాల్సిందే.

రేసు నిబంధనలు కూడా దీన్నిబట్టే ఉన్నాయి. టీవీలో ఒలింపిక్స్ ట్రయాథ్లాన్ చూసే ఉంటారు. అందులో ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కడానికి అనుమతి ఉంటుంది. గుంపు ఉంటుంది కాబట్టి అక్కడ అందరూ తొక్కేది రోడ్ బైకే. ఏరోబార్లు అసలు పెట్టకూడదు, ట్రైబైక్‌తో వెళ్తే స్టార్ట్ లైన్ దగ్గరికి కూడా రానివ్వరు. మనలాంటి వయోవర్గాల వాళ్లు చేసే రేసుల్లో ఎక్కువ భాగం దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి చాటు తీసుకుంటే పెనాల్టీ. ఐరన్‌మ్యాన్ పేరుతో జరిగే ట్రయాథ్లాన్ రేసుల్లో వయోవర్గాల వారికి ముందు సైకిల్‌కూ మీ సైకిల్‌కూ మధ్య 12 మీటర్లు ఉండాలి, ఆ హద్దులోకి వచ్చాక దాటడానికి 25 సెకన్లే ఇస్తారు. అలా ఎవరి గాలిని వాళ్లే చీల్చుకోవాల్సిన చోటే ట్రైబైక్‌కి అర్థం. మీరు పేరు ఇవ్వబోయే రేసు ఏ రకమో నియమావళిలో ముందే చూసుకోండి. ఒలింపిక్ డిస్టెన్స్ అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు అనే దూరం మాత్రమే. గాలి చాటు అనుమతి ఉందా లేదా అన్నది ఆ పేరునుబట్టి తెలియదు.

టీవీలో టైమ్ ట్రయల్ బైక్ చూసి అదే ట్రైబైక్ అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ దగ్గరి చుట్టాలే. టైమ్ ట్రయల్ బైక్ మాత్రం సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నిబంధనలకు కట్టుబడాలి. ఫ్రేమ్ ఆకారం, ఏరోబార్ల పొడవు, సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకుండా ఉండటం, అన్నిటికీ హద్దులున్నాయి. గాలి చాటు అనుమతి లేని, అంటే నాన్-డ్రాఫ్టింగ్, ట్రయాథ్లాన్ ఫ్రేమ్ ఆకారం విషయంలో ఆ హద్దుల్ని పట్టించుకోదు. అందుకే సీట్ ట్యూబే లేని విచిత్రమైన ఫ్రేములు ట్రయాథ్లాన్‌లో కనిపిస్తాయి. 2016లో వచ్చిన సర్వెలో పీ5ఎక్స్ అలాంటిదే. నీళ్లు, తిండి, పంక్చర్ సామాను పెట్టుకోవడానికి ఫ్రేములోనే అరలు కట్టేయడం కూడా ట్రైబైక్ ప్రత్యేకత. నాలుగైదు గంటలు ఒంటరిగా తొక్కే మనిషికి వెనక టీమ్ కారు ఉండదు కదా. రెండు ముంజేతుల మధ్య సీసా పెట్టుకుని, తల కదపకుండా గొట్టంతో తాగే ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. రోడ్ బైక్ ఏరోబార్ల మధ్య కూడా దాన్ని పెట్టుకోవచ్చు.

మిగతావి చిన్న తేడాలు. ముందుకు వాలి కూర్చున్నప్పుడు ఒత్తిడి సీటు ముక్కు మీద పడి తిమ్మిర్లు వస్తాయి కాబట్టి ట్రైబైక్ సీటు ముక్కు పొట్టిగా, తరచూ రెండుగా చీలి ఉంటుంది. తుంటి కోణం కోసమే పెడల్స్‌ని ఇరుసుకు కలిపే క్రాంక్‌లు కాస్త పొట్టివి వాడతారు, 165 మిల్లీమీటర్లు ఇప్పుడు మామూలైపోయింది. ఎత్తైన రిమ్ ఉన్న చక్రాలు రెండు రకాల సైకిళ్లకూ వేస్తారు. అడ్డగాలి వీస్తే ముందు చక్రం లాగేస్తుంది కాబట్టి మొదట్లో వాటి జోలికి పోవద్దు. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో చువ్వలు కనిపించకుండా పళ్లెంలా మూసి ఉండే డిస్క్ చక్రాలను ఏళ్లపాటు నిషేధించింది కూడా ఆ గాలుల వల్లే. బరువులో సాధారణంగా ట్రైబైక్ ఒకటి రెండు కిలోలు ఎక్కువే తూగుతుంది. చదును మీద దాని ప్రభావం అంతగా తెలియదు, కొండ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పెద్ద ఎత్తులు, మలుపులు నిండిన దారి అయితే హాఫ్ డిస్టెన్స్‌లో కూడా ఏరోబార్లు పెట్టిన రోడ్ బైకే నయం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదటి ఒలింపిక్ డిస్టెన్స్ మీ రోడ్ బైక్ మీదే చేయండి. రేసు నాన్-డ్రాఫ్టింగ్ అయితే క్లిప్-ఆన్ ఏరోబార్లు బిగించుకోండి. కొనేముందు మీ హ్యాండిల్ మధ్య భాగం గుండ్రంగా ఉందో లేదో చూడండి. చదునుగా నొక్కినట్టుండే ఏరో హ్యాండిల్ మీద మామూలు క్లాంపులు పట్టవు. కార్బన్ హ్యాండిల్ అయితే వాటిని బిగించవచ్చో లేదో తయారీదారు సూచనల్లో చూశాకే ముట్టుకోండి. పొట్టి రకం ఏరోబార్లు తీసుకోండి. రోడ్ బైక్ మీద సీటు వెనక్కి ఉంటుంది కాబట్టి పొడవైనవి పెడితే బాగా సాగిపోయి పడుకున్నట్టవుతుంది. మెత్తల ఎత్తు మొదట్లో ఎక్కువగానే ఉంచండి. సీటును పట్టాల మీద ముందుకు జరపండి, జరిపినప్పుడు పెడల్స్‌కి దగ్గరవుతుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపండి. భుజం నుంచి మోచేతి దాకా చేయి దాదాపు నిలువుగా దిగుతూ, బరువు కండరం మీద కాకుండా ఎముక మీద ఆనినట్టు అనిపించాలి. మార్చే ముందు పాత కొలతలు టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి, గ్రూపు రైడ్లకు మళ్లీ పాత చోటికి తేవాల్సి ఉంటుంది. రెండు పనులకూ ఒకే సైకిల్ వాడటంలో ఉన్న చికాకు ఇదొక్కటే.

నడుము సంగతి. ఇప్పటికే పట్టేస్తోందంటే ముందు బైక్ ఫిట్, అంటే మీ శరీరానికి తగ్గట్టు సైకిల్ అమరిక, చేయించుకోండి, ఏరోబార్లు ఆ తర్వాతే. సీటు మరీ ఎత్తుగా ఉన్నా, హ్యాండిల్ మరీ దూరంగా ఉన్నా ఇదే నొప్పి వస్తుంది, అది సరిచేయకుండా ఇంకా కిందికి వంగితే ముదురుతుంది. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా డాక్టరుకు చూపించుకోవాలి. అలాంటిదేమీ లేకపోతే, విచిత్రంగా అనిపించినా, సరిగ్గా అమర్చిన ట్రైబైక్ మీద కొందరికి నడుము రోడ్ బైక్ కంటే హాయిగా ఉంటుంది, తుంటి కోణం తెరుచుకుంటుంది కాబట్టి. ఏదైనా శరీరం అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదట ఐదేసి నిమిషాలు, ట్రాఫిక్ లేని చోట, లేదా ఇంట్లో సైకిల్‌ని ఉన్నచోటే నిలిపి తొక్కే ట్రెయినర్ మీద మొదలుపెట్టండి. మెడే ముందు మొరపెడుతుంది.

ఆ మొదటి రేసు అయ్యాక మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. 40 కిలోమీటర్లలో ఎంత భాగం వాలి తొక్కగలిగాను? వారంలో ఒంటరిగా తొక్కే రోజులు ఎన్ని? చాలావరకు వాలే తొక్కగలిగి, ఒంటరి సాధన కూడా సరిపడా ఉంటే, హాఫ్‌కి ట్రైబైక్ కొనడం సబబే. రేసు రోజు మాత్రమే బయటికి తీసే ట్రైబైక్ మాత్రం వద్దు. దాని మీద సాధన లేకుండా దిగితే మలుపుల్లో భయం, కాళ్లలో కొత్త నొప్పులు, రెండూ ఒకేసారి వస్తాయి.

కొనాల్సి వస్తే, మీ రోడ్ బైక్ సైజు 54 అనుకోండి, అందుకని ట్రైబైక్ కూడా 54 అని తీసుకోకండి. ఆ అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అడగాల్సినవి స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు. పెడల్స్ ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పై అంచు ఎంత ఎత్తులో ఉందో, ఎంత ముందుకు ఉందో అవి చెబుతాయి. ఏరోబార్లతో ముందే ఫిట్ చేయించుకుని, ఏ స్టాక్, ఏ రీచ్ మీకు నప్పుతాయో కాగితం మీద రాయించుకుని దుకాణానికి వెళ్లండి. సెకండ్ హ్యాండ్‌వి బాగానే దొరుకుతాయి, చాలామంది ఒక్క రేసు తర్వాత అమ్మేస్తుంటారు. మెత్తలను పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు ఎంత ఉందో చూడండి. కేబుళ్లు మొత్తం లోపల దాచేసిన మోడల్ అయితే చిన్న మార్పుకు కూడా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాలి, విమానంలో తీసుకెళ్లాలన్నా విప్పి సర్దడం పెద్ద పని. మొదటి ట్రైబైక్‌కి అలాంటిది కాకుండా, మెత్తల ఎత్తు మీరే మామూలు అలెన్ కీతో మార్చుకోగలిగేది ఎంచుకోండి.